నీటికి చీటీ: ఆట ప్రపంచంలో పది నిమిషాల పాఠాలు, ఎనిమిదో తరగతి లెక్కలు

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మా పిల్లలకు వైశాల్యం సూత్రం నోటికి వచ్చేసి ఉంటుంది. పొడవు 20, వెడల్పు 10 అంటే అడిగీ అడగ్గానే 200 అంటారు. అవే కొలతలున్న చేను చూపించి, ఒక చోట నీళ్లు పెడితే చుట్టూ ఇంతమేరే తడుస్తుంది, చేనంతా తడవాలంటే తక్కువలో తక్కువ ఎన్ని చోట్ల పెట్టాలి అని అడిగితే చప్పున భాగహారం చేసి ఒక అంకె చెప్పేసి నా మొహంలోకి చూస్తారు. జవాబు సరిపోయిందో లేదో లెక్కలో చూసుకోరు, మాస్టారి మొహంలో చూసుకుంటారు. ఈ అలవాటు పోగొట్టడం కోసం కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక ఆట ప్రపంచం పెట్టి, అందులో చిన్న చిన్న పాఠాలు నడిపాను. నేను గోదావరి డెల్టాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది ఇలాంటి ప్రయత్నం చేద్దామనుకునే తోటి టీచర్ల కోసం రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఆట పెట్టినంత మాత్రాన ఆలోచన పెరగదు. ఆటలో ప్రయత్నానికి ఖర్చు లేదు. తప్పయితే చెరిపేసి ఇంకోటి పెట్టొచ్చు, అదీ తప్పయితే ఇంకోటి. అలా నొక్కుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు సరైనది తగులుతుంది, పిల్లవాడు చప్పట్లు కొట్టేస్తాడు, ఎందుకు సరిపోయిందో మాత్రం వాడికి తెలియదు. ప్రయత్నానికి కాస్త ఖరీదు పెట్టిన తర్వాతే మా ల్యాబ్‌లో ఆలోచన మొదలైంది. ఈ కేస్ స్టడీ ఎక్కువగా ఆ ఖరీదు గురించే.

ఏ ఆట, ఎందుకు

ఇలాంటి పాఠాలనగానే అందరికీ, ఘనాకారపు గడులు పేర్చి ప్రపంచం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట గుర్తొస్తుంది. దాన్ని బడికి తగ్గట్టు మార్చిన మైన్‌క్రాఫ్ట్‌ఎడ్యు 2011లో ఫిన్లాండ్ కంపెనీ టీచర్‌గేమింగ్ తెచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసి అదే ఏడాది ఎడ్యుకేషన్ ఎడిషన్ విడుదల చేసింది. బాగుంటుంది, కాదనను. కానీ దానికి ఒక్కో పిల్లవాడికీ ఖాతా కావాలి, లైసెన్సు కావాలి, లాగిన్ కావడానికి నెట్ కావాలి. మా ల్యాబ్‌లో ఈ మూడూ లేవు.

మేం వాడింది లువాంటి. ఇదీ ఫిన్లాండ్‌దే. పెర్ట్టు అహోలా అనే ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టాడు. 2024 దాకా దీని పేరు మైన్‌టెస్ట్. ఉచితం, ఓపెన్ సోర్స్, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఒక కంప్యూటర్‌ని సర్వర్‌గా పెట్టి మిగతావాటిని కేబుళ్లతో కలిపితే చాలు, నెట్‌తో పనిలేదు. లోపలి నియమాలన్నీ లువా అనే చిన్న భాషలో రాసి ఉంటాయి కాబట్టి, ఒక ఫైల్ తెరిచి ఒక అంకె మారిస్తే ప్రపంచం తీరే మారిపోతుంది. లెక్కల మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి!

హెడ్మాస్టరు గారు మొదట పబ్జీ లాంటిదేమో అని కంగారుపడ్డారు. ఒకసారి పక్కన కూర్చోబెట్టి చేనుకు నీళ్లు పెట్టే పాఠం చూపించాను. "తుపాకులు లేవు కదా?" అని రెండుసార్లు అడిగి సరే అన్నారు. సర్వర్ సెట్టింగుల్లో ఒకరినొకరు కొట్టుకోవడం, ఎగరడం, కావలసిన వస్తువు కావలసినంత తీసుకోవడం మూడూ ముందే ఆపేశాను. ఆ మూడోది ఆపడమే అన్నిటికంటే ముఖ్యమని తర్వాత అర్థమవుతుంది.

పనిచేసే కంప్యూటర్లు తక్కువ కాబట్టి ముగ్గురికి ఒకటి ఇచ్చాం. ఒకరిది మౌస్, ఒకరిది కాగితం, మూడోవాళ్లు సాక్షి. ఏం జరిగిందో చూసి చెప్పడమే సాక్షి పని. గంట కొట్టగానే ముగ్గురూ చోట్లు మారాలి. ఈ నియమం లేకపోతే మౌస్ ఎప్పుడూ మగపిల్లల చేతిలోనే ఉండిపోయేది, ఇది ఏ ల్యాబ్‌లోనైనా చూడొచ్చు. కొందరికి ఆ తెర వంక చూస్తే కళ్లు తిరిగాయి. సెట్టింగుల్లో నడిచేటప్పుడు తెర ఊగడం ఆపేసి, కనిపించే దూరం తగ్గిస్తే చాలావరకు కుదురుకున్నారు. పాత మెషీన్లకు కూడా దూరం తగ్గించడమే మందు.

కాగితం ఎలా వచ్చింది

పాఠం ఆట లోపలే బోర్డుల మీద తెలుగులో రాసి పెడదామనుకున్నాం. మా మెషీన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి అడ్డదిడ్డంగా కనిపించాయి. ఇంగ్లిషులో రాస్తే సగం మంది సమస్య దగ్గరికి రాకముందే ఆగిపోతారు. దాంతో పాఠాలు కాగితం కార్డుల మీదికి వచ్చాయి. ఒక్కో కార్డులో ఒక్కటే చిక్కు, పైన రెండు మూడు వాక్యాలు. కింద నాలుగు గడులు: ఏం తెలుసు, ఏం జరుగుతుందనుకుంటున్నాం, ఎందుకలా అనుకుంటున్నాం, ఏం జరిగింది. మొదటి మూడూ నిండాకే మౌస్ ముట్టుకోవాలి.

పాఠం చిన్నది అంటే టైమ్ తక్కువ అని కాదు. చిక్కు ఒక్కటే ఉండాలని. పది నిమిషాల్లో రెండు చిక్కులు పెడితే పిల్లలు తేలికైన దానితో ఆడుకుని రెండోదాని జోలికే పోరు. మా పీరియడ్‌లో కార్డుకు కొంచెం, ఆటకు పది నిమిషాలు, తెరలన్నీ ఆపేసి మాట్లాడుకోవడానికి మరో పది. మిగిలితే రెండో ప్రయత్నం.

మొదటి పాఠం: తడి ఎంత దూరం పోతుంది?

లువాంటిలో మేం పెట్టుకున్న, మైన్‌టెస్ట్ గేమ్ అనే ఆటలో పంటలు గోధుమ, పత్తి రెండే. "వరి లేదాండీ?" అని మొదటిరోజే నిరాశపడ్డారు, డెల్టా పిల్లలు కదా. పారతో మట్టి గీరితే మడి అవుతుంది. దగ్గర్లో నీళ్లుంటే మడి తడిసి ముదురు రంగుకు తిరుగుతుంది. నీళ్లు అందకపోతే, పైన విత్తనం కూడా లేకపోతే, మళ్లీ మామూలు మట్టైపోతుంది. నీటికి 3 గడుల లోపల ఉన్న ప్రతి మడీ తడుస్తుందనేది లోపలి నియమం. అది పిల్లలకు చెప్పలేదు. గుంటలో ఒక నీటి గడి పెట్టి, చుట్టూ మళ్లు గీరి, ఎక్కడిదాకా తడుస్తుందో ముందు బొమ్మ వేయమన్నాను.

అందరివీ దాదాపు రెండే బొమ్మలు. కొందరు గుండ్రంగా వేశారు, కొందరు కూడిక గుర్తులా నాలుగు వైపులకీ వేశారు. చతురస్రం ఎవరూ వేయలేదు. అసలు జరిగేది మాత్రం చతురస్రమే. మూలలు కూడా తడుస్తాయి, అంటే 7 గడుల పొడవు, 7 గడుల వెడల్పు. నడుమ నీటి గడి తీసేస్తే 48 మళ్లు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. నీళ్లు పెట్టగానే అన్నీ ఒకేసారి తడవవు. ఆట 15 సెకన్లకోసారి మళ్లను చూస్తుంది, ఆ చూసిన ప్రతిసారీ ఒక్కో మడికి తడిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే రెండు నిమిషాలు గడిచినా పదింట ఒక మడి పొడిగానే ఉంటుంది. పిల్లలకు ఆ ఓపిక ఉండదు. పొడి మడిని మళ్లీ తవ్వుతారు, పక్కన గెంతుతారు. తవ్విన కాసేపటికి తడిస్తే "తవ్వితే తడిసింది సార్!" అని రాసేస్తారు. ఒక గుంపులో సాక్షిగా ఉన్న అమ్మాయి మాత్రం వేళ్లు మడిచి లెక్కపెడుతూ, "ఒరేయ్, అవతల మూల నువ్వు ముట్టుకోనిది కూడా తడిసిందిరా, తవ్వడం వల్ల కాదు" అంది. ఆ రోజు తెరలు ఆపేశాక మాట్లాడుకున్నదంతా ఈ మాట గురించే. చేసిన పనికీ జరిగినదానికీ సంబంధం ఉందని ఎప్పుడు అనొచ్చు? ముట్టుకోని మడి కూడా ఒకటి ఉండాలని తేల్చారు. సైన్స్ టీచర్ ఆ కార్డు అడిగి తీసుకున్నారు.

తర్వాతి పాఠాలకు లువా ఫైల్‌లో ఛాన్స్ అని ఉన్నచోట 4 తీసి 1 పెట్టాను. ఇక ఆలస్యం 15 సెకన్లే. ఆలస్యం గురించి ఒక పాఠం చాలు, ప్రతి పాఠాన్నీ అది తినేయకూడదు.

20 × 10 చేను

ఇప్పుడు అసలు లెక్క. ముందే గీరి గోధుమ విత్తనాలు వేసిన చేను, పొడవు 20, వెడల్పు 10. విత్తనం ఉంటే పొడి మడి మట్టిగా మారదు, మొలక ఎదగక అలాగే ఉండిపోతుంది. తక్కువ నీటి గడులతో చేనంతా తడపాలి.

కార్డు మీద ముందే రాయమంటే దాదాపు అందరూ రాసింది 5. ఒకటి 49 గడులకు అందుతుంది, 200ని 49తో భాగిస్తే 4 మీద చిల్లర, కాబట్టి 5. భాగహారం సరైనదే. కానీ 5 పెడితే ఎక్కడో ఒకచోట పొడి గీత మిగులుతుంది. అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు.

నీళ్లు ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చి ఉంటే ఇక్కడ ఏం జరుగుతుందో ఊహించొచ్చు. గబగబా పది పన్నెండు గడులు పెట్టేసి, ఒక్కొక్కటే తీసేస్తూ వస్తారు. ఆరు దగ్గర ఆగుతారు. "ఆరు సార్!" అంటారు. ఎందుకు ఆరంటే "ఐదైతే రావట్లేదు." ఇది జవాబు కాదు, విసుగు. అందుకే చీటీ పద్ధతి పెట్టాం. ఎక్కడ పెడతారో గడుల కాగితం మీద బొమ్మ గీసి, చీటీ తెచ్చి నాకు చూపించాలి. చీటీకి ఒక నీటి గడి. సర్వర్‌లో గివ్ కమాండ్‌తో ఆ గుంపుకు నేనే పంపిస్తాను.

మొదట బకెట్టుతో ఇచ్చాను. బకెట్టు ఖాళీ అయ్యాక దాంతోనే మళ్లీ నీళ్లు ఎత్తొచ్చని క్షణంలో కనిపెట్టారు. అదీ సొంత చేనులోంచి కాదు, పక్క గుంపు చేనులోంచి. "మాస్టారూ, మా నీళ్లు వీళ్లు మళ్లించుకుపోయారు!" కాలువ చివరి పొలాల పిల్లలు ఈ మాట అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కాలువ నీళ్లు వదిలే లస్కరు గారి దగ్గర వాళ్ల ఇళ్లవాళ్లకు జరిగే పంచాయితీ ఇదే. ఏరియాస్ అనే మాడ్‌తో (మాడ్ అంటే ఆటకు అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రామ్) ఏ గుంపు చేను ఆ గుంపే ముట్టుకునేలా గట్టు వేశాను. బకెట్టు మానేసి నీటి గడినే నేరుగా ఇచ్చాను. పెట్టాక దాన్ని చేత్తో తీయలేరు. తప్పు చోట పెడితే మట్టితో పూడ్చి, మళ్లీ చీటీ రాసి, లైనులో నిలబడాలి.

లైనులో నిలబడాలంటే ఎవరికి ఇష్టం? రెండో చీటీ నుంచే బొమ్మలు మారిపోయాయి. పొడవును 7, 7, 6గా, వెడల్పును 7, 3గా విడగొట్టి గీతలు గీయడం మొదలైంది. మూడు రెళ్లు ఆరు. ఒక గుంపు ఇంకో అడుగు ముందుకేసింది. చేనులో ఆరు మళ్లకు ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టారు. పొడవున ఒకదానికీ ఇంకోదానికీ ఏడేసి గడుల దూరం, వెడల్పునా ఏడు. "ఈ ఆరింట్లో ఏ రెండింటికీ ఒకే నీళ్లు అందవు సార్. అందుకని ఆరుకు తగ్గదు." ఆ వయసులో దీన్ని నిరూపణ అనరు, కానీ అది నిరూపణే. ఐఎఫ్‌పీ (తరగతి గదిలోని పెద్ద డిజిటల్ బోర్డు) తెర మీద ఆ కాగితం చూపించి వాళ్లచేతే చెప్పించాను. ఆ రోజు ఎవరూ నా మొహంలోకి చూడలేదు.

వేరే గుంపు నేను ఊహించని చోటికి పోయింది. నీటి గడి చేనులో ఒక మడిని తినేస్తోంది కదా, దాన్ని మడి కిందే దాచేస్తే? నియమం పక్కలకే కాదు, కిందికీ 3 గడులు వర్తిస్తుంది. నేల కింద నీళ్లు పెట్టి పైన మట్టి కప్పారు, అది కూడా తడిసింది. 48 కాస్తా 49 అయింది. తర్వాత చేనంతటికీ అదే చేసి 200 మళ్లూ పంటకే ఉంచారు. మా అన్నయ్య కొబ్బరితోటలో డ్రిప్పు వేశాడు సార్, అదీ ఇంతే అన్నాడు అందులో ఒకడు. ఇంతే కాదు గానీ, నేను సరిదిద్దలేదు.

తప్పున్న చేను

నన్ను అడిగితే అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పాఠం. పిల్లలు ఏమీ కట్టనక్కర్లేదు. నేను కట్టిన చేనులో తప్పు పట్టుకుని, ఒక్క చీటీతో బాగుచేయాలి.

అదే 20 × 10 చేను, ఆరు నీటి గడులు. పై వరుసలో నీళ్లు 4వ నిలువులో, 12వ నిలువులో, 18వ నిలువులో పెట్టాను. మొదటిది 1 నుంచి 7 దాకా తడుపుతుంది, రెండోది 9 నుంచి 15 దాకా. 8వ నిలువు పైభాగంలో మళ్లు పొడిగా ఉంటాయి. కంటికి కనిపించేది ఆ పొడి గీతే.

చాలామంది ముందు పొడి మడి మీదే పడ్డారు. అక్కడ మట్టి బాగోలేదేమో, విత్తనం చెడిపోయిందేమో. నొప్పి ఉన్నచోటే రోగం ఉందనుకోవడం పెద్దవాళ్లకూ ఉన్న అలవాటే. కార్డులో "ఎందుకలా అనుకుంటున్నాం" అన్న గడి వీళ్లను ఆపింది. అక్కడ రాయడానికి ఏమీ దొరకలేదు. పొడి గీతకు రెండు వైపులా నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కపెట్టాకే రాయగలిగారు.

దగ్గరగా చూడాల్సిన చోటు ఇక్కడే. తప్పు తెలిసింది, రెండు నీటి గడుల మధ్య దూరం ఒకటి ఎక్కువైంది. ఏది జరపాలి? ఒక గుంపు మొదటిదాన్ని 4 నుంచి 5కు జరిపింది. 8వ నిలువు తడిసింది. కేకలు, చప్పట్లు. సాక్షి పిల్లవాడు తెర ఎడమ చివర వేలు పెట్టి, "ఇక్కడ ఎండిపోతోందిరా" అన్నాడు. మొదటి నిలువుకు నీళ్లు అందడం మానేశాయి. రెండోదాన్ని 12 నుంచి 11కు వెనక్కి జరిపితే మాత్రం ఎక్కడా ఎండదు, ఎందుకంటే 18లో ఉన్నది 15ను ఎలాగూ చూసుకుంటోంది. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట ఏం చెడుతుందో ముందే చూడాలనే సంగతి నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చెవికెక్కలేదు. ఎండిపోతున్న నిలువును చూశాక తర్వాతి చీటీల్లో "దీనివల్ల ఏది చెడొచ్చు" అని నేను అడగకుండానే ఒక లైను రాసుకున్న గుంపులు కనిపించాయి. తర్వాత దాన్నే కార్డులో ఐదో గడిగా కలిపాను. గణితవేత్త జార్జ్ పోల్యా లెక్క చేసే పద్ధతిని నాలుగు మెట్లుగా చెప్పి, చివరి మెట్టు వెనక్కి తిరిగి చూసుకోవడం అన్నాడు. మా తరగతుల్లో ఎప్పుడూ ఎగిరిపోయేది ఆ మెట్టే, గంట కొట్టేస్తారు కాబట్టి.

మెసెకాన్స్ అనే మాడ్‌తో తీగలు, మీటల పాఠాలు కూడా చేశాం. రెండు మీటలూ వేస్తేనే తలుపు తెరుచుకోవాలి అన్నది తేలిగ్గా వచ్చింది. మెట్ల దగ్గర లైటులా పైనా కిందా ఏ మీట మార్చినా దీపం మారాలి అన్నది ఎనిమిదో తరగతిలో కొద్దిమందికే అందింది. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేయాలి.

ఆట బయట ఏం మిగిలింది

ఆటలో చేను తడిపినవాడు బయట లెక్క చేయగలడా? చేయలేకపోతే మేం నేర్పింది లువాంటి ఆడటమే. అందుకే చేను పాఠాలన్నీ అయ్యాక, కొంతకాలం ఆగి, కంప్యూటర్ లేకుండా కాగితం మీద ఒక లెక్క ఇచ్చాను. కళ్లంలో ధాన్యం ఆరబోశారు, వాన వచ్చేలా ఉంది. కళ్లం 18 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. బరకాలు ఒక్కోటి 5 మీటర్ల చదరం. కోయకూడదు, అంచులకు నేరుగా పరచాలి. తక్కువలో తక్కువ ఎన్ని?

చాలామంది మళ్లీ భాగహారం చేశారు. 144ని 25తో భాగిస్తే 5 మీద చిల్లర, కాబట్టి 6. చేనులో ఆరు చుక్కలు పెట్టి నిరూపించిన గుంపులో కూడా ఇద్దరు 6 రాశారు. కావలసింది పొడవున 4, వెడల్పున 2, మొత్తం 8. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "ఇది చేను లెక్కే కదండీ" అంది. ఆ ఒక్క మాటతో గదంతా కదిలింది. చాలామంది కొట్టేసి మళ్లీ గీశారు.

ఇది మా పిల్లల లోపం కాదు. 1980లో మనస్తత్వవేత్తలు మేరీ గిక్, కీత్ హోలియోక్ అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగాలు దీని గురించే. కడుపులో కణితి, దాన్ని చంపేంత బలమైన కిరణం పంపితే మధ్యలో ఉన్న మంచి కణజాలం కూడా పోతుంది, ఏం చేయాలి? బలం తక్కువ కిరణాలను చాలా వైపుల నుంచి ఒకేసారి పంపి కణితి దగ్గర కలపాలి. మామూలుగా అడిగితే పదిమందిలో ఒకరు చెప్పగలరు. కోట మీదికి సైన్యాన్ని చిన్న దళాలుగా విడగొట్టి వేర్వేరు దారుల్లో పంపిన సేనాని కథ ముందే చదివించినా, ఆ కథ ఇక్కడ పనికొస్తుందని తమంతట తాము పట్టుకున్నవాళ్లు తక్కువే. "ఇందాకటి కథ వాడి చూడండి" అని చెబితే మాత్రం ఎక్కువమంది చేసేశారు. తెలిసింది గుర్తుకు రావడం వేరు, తెలిసి ఉండటం వేరు. ఆట రెండోదే ఇస్తుంది.

అందుకని తర్వాతి విడతలో ప్రతి ఆట కార్డుకూ ఒక జత కార్డు రాశాను, ఆట వాసన లేనిది. చేనుకు బరకాలు. తప్పున్న చేనుకు, ఒక వీధిలో మాత్రమే కుళాయి రాని ఊరి పైపుల పటం. తెరలు ఆపేసిన పది నిమిషాల్లో అదే రోజు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, ఏది ఏమవుతుందో గీతలతో కలపమంటాను: నీటి గడి బరకం అయింది, మడి చదరపు మీటరు అయింది, మరి 3 గడుల నియమం ఏమైంది? ఈ పద్ధతిలో నడిచిన సెక్షన్‌లో కాగితం లెక్కకు గీతలు గీసినవాళ్లు ముందటి విడతకంటే బాగా ఎక్కువ. అయితే పోల్చి చూసుకోవడానికి ఈ పాఠాలు చేయని సెక్షన్ నా దగ్గర లేదు. పిల్లలూ వేరే, ఏడాదీ వేరే. కాబట్టి దీన్ని ఒక టీచరు చూసింది గానే తీసుకోండి.

చదవడం సరిగ్గా రాని పిల్లలకు కార్డు పెద్ద అడ్డమైంది. వాళ్లకు సాక్షి పాత్ర నచ్చింది, అందులో మెరుగ్గా కూడా ఉన్నారు. కానీ చీటీ దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. రాయడానికి బదులు బొమ్మ గీసి నోటితో చెప్పొచ్చని సడలించాను. దానివల్ల నా దగ్గర లైను పెరిగింది, పదో తరగతి పిల్లలిద్దరు చీటీలు చూడటానికి సాయం వస్తున్నారు. గుంపులకు మార్కులు, ర్యాంకుల పట్టిక పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. పెట్టలేదు. ర్యాంకు ఉన్నచోట పక్క గుంపు బొమ్మ చూసి గీయడం లాభం, సొంతంగా గీయడం నష్టం.

ఒక తండ్రి వచ్చి, బడికి పంపింది కంప్యూటర్లో వ్యవసాయం చేయడానికా, ఇంటి దగ్గర చేయడానికి మనుషులు లేరు అన్నారు. ఆయన్ను కూర్చోబెట్టి తప్పున్న చేను చూపించాను. పొడి గీత వంక ఒక్కసారి చూసి, "అక్కడ కాదు, అవతల బోదె దగ్గర చూడాలి" అన్నారు. పిల్లలు రెండు చీటీలు ఖర్చు పెట్టిన జవాబు అది.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే సరంజామా పెద్దదేం కాదు. సర్వర్‌గా ఒక కంప్యూటర్, దానికి యూపీఎస్ తప్పనిసరి, మిగతావాటికి లేకపోయినా ఫర్వాలేదు. కరెంటు పోతే పిల్లల మెషీన్లు ఆరిపోతాయి గానీ ప్రపంచం సర్వర్‌లోనే ఉంటుంది, తిరిగి వచ్చి అదే చేనులో నిలబడతారు. ప్రపంచం మొత్తం ఒక ఫోల్డర్, ప్రతి పాఠానికీ ముందు దాని కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే తర్వాతి సెక్షన్‌కు మళ్లీ కొత్త చేను సిద్ధం. గడుల కాగితం మాత్రం కట్టలు కట్టలుగా అయిపోతుంది. ఈ ఏడాది ఏడో తరగతికి కూడా మొదలుపెడుతున్నాం, వాళ్లకు 20 × 10 బదులు 14 × 7తో.